చదివింపు

నేను చదివే పేపరు ఎప్పుడూ పాతదే.
కిలోల లెక్కన కొంటాను,
పత్తికొండ టమాటా మార్కెట్టు గేటు పక్కన
ఉగ్గాని, బజ్జీలు పొట్లం కట్టడానికి.
తెల్లారుజామున నాలుగింటికి
బొరుగులు నీళ్లలో ముంచి పిండుతా
బల్బు కింద రెండు ముక్కలు చూస్తాను.
పడిపోయిన ప్రభుత్వాలు
నా కాడ ఇంకా నిలబడే ఉంటాయి.
చచ్చిపోయినోళ్లు
ఇంకా ఆసుపత్రిలోనే ఉంటారు.

ఈ వారం ధర పడిపోయింది.
బాక్సు నలభై అన్నారు, ముప్పై అన్నారు,
ఆ తర్వాత అనేదానికి ఎవరూ రాలేదు.
తుగ్గలి నుంచి వచ్చిన ఒకాయన
పదకొండు బాక్సులు రోడ్డు మీద కుమ్మరించి
నా బక్కెట్లో చేతులు కడుక్కొని కూసున్నాడు.
ప్లేటు ఇచ్చినాను, తిన్నాడు.
అడక్కుండానే ఇంకొక మిరపకాయ బజ్జీ వేసినాను.
జేబు తడుముకోబోతే వద్దన్నాను.
లేచి, తువ్వాల దులిపి,
"నీ కడుపు సల్లగుండ" అని
గుత్తి బస్సెక్కి పోయినాడు.
ముప్పై రూపాయలు ముట్టినట్టే రాసుకున్నాను.

మొన్న ఎవరో ఫారాలు పట్టుకొని వచ్చినారు.
పేరు?
దస్తగిరమ్మ.
నాయన పేరు?
బోయ ఉరుకుందప్ప.
రాసేవాని పెన్ను ఆగింది.
"అదేందమ్మా, మీరు ఆళ్లా, ఈళ్లా?"

చెప్పుకుంటా కూసుంటే బొరుగులు నానిపోతాయి.
బోయోళ్లమని చెప్పి పంపిచ్చినాను.

నాకు ముందు మాయమ్మకు ముగ్గురు పుట్టి పోయినారంట.
నేను ఏడో దినం నుంచి పాలు పట్టలేదంట.
మా జేజి నన్ను చాటలో వేసుకొని
పీర్ల చావిడికి ఎత్తుకపోయి గడప మీద పెట్టి
"బతికితే నీ పేరు, పోతే నీ మన్ను" అనిందంట.
ఉసేన్ సాబు తాత ఊదు పొగ చూపిచ్చి,
చక్కెర చదివిచ్చి,
నా నాలిక మీద నాలుగు పలుకులు వేసినాడంట.
చప్పరిచ్చినానంట.
అంతే. ఇంకేమీ జరగలేదు.
దానికే జేజి చచ్చేదాకా
శనివారం ఒక్కపొద్దూ ఇడవలేదు,
గురువారం చావిట్లో దీపమూ ఇడవలేదు.
"రెండిళ్లల్లోనూ అప్పుండాది గదే" అనేది,
కిరాణా కొట్టు ఖాతా గురించి చెప్పినట్టు.

దస్తగిరి అంటే చెయ్యి పట్టుకునేవాడంట.
నలభై దాటినాక ఎవరో చెప్తే తెలిసింది.
మా పాప నాగవేణి మాత్రం
పేరు మార్చుకోమ్మా అంటాది,
రేపు కాగితాలతో కష్టమైతాదంటాది.
దాని భయాన్ని తప్పు పట్టను.
అది కూడా పేపర్లో వచ్చిందే,
నా మాదిరి పాత పేపర్లో కాదు.

నిన్న ఒక కాగితంలో పసిబిడ్డ ఫోటో.
యాడ దేశమో.
బిడ్డ వెనక గోడ సగమే ఉంది,
ఆ సగానికి ఇంకా క్యాలెండరు వేలాడతాంది.
కింద పేరు అచ్చేసినచోట
నా చేతి నూనె పడింది.
దాంట్లో బజ్జీ పెట్టలేకపోయినాను.
మడిచి రవికలో దోపుకున్నాను.
పొద్దంతా అది అక్కడ గరగరమనింది.

నిన్న గురువారం.
పొయ్యి ఆర్పి, పావుకిలో చక్కెర తీసుకొని
చావిడికి పోయినాను.
ఇప్పుడు ఉసేన్ సాబు తాత మనవడు ఖాసీంవలి చదువుతాడు,
పగలు టైర్లకు పంచర్లు వేస్తాడు.
"ఎవరి పేరున అక్కా?"
కాగితం ఇప్పి చూపిచ్చినాను.
ఇద్దరమూ దీపం కాడికి వంగి
కళ్లు చిట్లిచ్చి చూసినాము.
ఒక్క అచ్చరమూ నిలబడలేదు.
"పేరు లేకుండా ఎట్ల చదివేది?"

జేజి ఉండుంటే ఏమనేదో అనుకున్నాను.

"నా పేరు చెప్పు," అన్నాను.
"యాభై ఏండ్లు నేను వాడుకున్నాను గదా."

వాడు ఏమీ అనలేదు.
కళ్లు మూసుకొని చదివినాడు.
చక్కెర పొట్లం కట్టేదానికి
కాగితం ఇయ్యమని చెయ్యి చాపినాడు.
నా కాడ ఉండింది అదొక్కటే.

ఇయ్యలేదు.
కొంగు పట్టినాను.