పది దుంగలు

ఎనభై ఆరు జీబీ.
కాశీబుగ్గలో అది రెండు రాత్రుల పని.
మొదటి రాత్రి నలభై ఒకటి దగ్గర కరెంటు పోయింది.
రెండో రాత్రి తమ్ముడి ఫోన్ డేటా కూడా మింగి
తెల్లారి నాలుగున్నరకి
కొత్త ఖండం దిగింది.

సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఆయాసపడుతోంది.
కీబోర్డు మీద నా వేళ్లు,
గోళ్ల చుట్టూ జీడిపిక్కల నూనె మరక.
పగలంతా పప్పు ఏరుతాను:
నూట ఎనభై, రెండు వందల నలభై, మూడు వందల ఇరవై, బద్ద, ముక్క.
అక్కడ అంకె చిన్నదైతే గింజ పెద్దది.
ఇక్కడ లెక్క తిరగేసి ఉంటుంది.
అరవయ్యో లెవెలంటే ఒకప్పుడు శిఖరం,
ఇప్పుడు గడప.

నా కత్తి
పదకొండు శనివారాలు ఇరవై మందిమి
ఒకే రాక్షసుణ్ణి చంపి చంపి సంపాదించింది.
దానికన్నా పదునైనది
సంతలో ముసలాడు ఏడు వెండి నాణేలకి అమ్ముతున్నాడు.
ఏమీ అనలేదు. కొనుక్కున్నాను.
పాతది పారేద్దామని నొక్కితే
"నిజంగానే పారేస్తారా?" అంది.
లేదన్నాను.

తర్వాత మొదటి ఊరికి నడిచాను.
అందరం పుట్టేది అక్కడే, బావి పక్కన,
చేతిలో కర్ర, తల మీద పేరు, అంతే.

ఊరు లేదు.
కొత్త కథలో పెనుగాలి వచ్చిందట.
పడవ ఒకటి గుడిసె మీద కూర్చుంది.
చెట్లన్నీ తూర్పుకి తలపెట్టి
వరసగా పడుకున్నాయి,
బళ్లో అటెండెన్స్ కోసం ఆగినట్టు.

అలా పడవు.
దీన్ని గీసినవాడు ఏ చల్లటి గదిలో ఉన్నాడో గానీ
వాడికి చెప్పాలి:
గాలి ముందు ఒక వైపు నుంచి తోస్తుంది.
ఆగుతుంది. ఆగినంతసేపూ కుక్క మొరగదు.
మళ్లీ రెండో వైపు నుంచి వస్తుంది,
ఇందాక మర్చిపోయినదేదో తీసుకెళ్లడానికన్నట్టు.
జీడిచెట్టు ఊరికే విరగదు, మెలి తిరుగుతుంది.
వేరు పైకి లేచినా మట్టిని వదలదు.
మూడోనాటికి చీమలు దాని మీదుగా
కొత్త దారి వేసుకుంటాయి.

నూట పన్నెండు చెట్లు.
పరిహారం కాగితంలో అంకె రాసింది నేనే.
ముందు గేదె పోయింది, తర్వాత నా కంప్యూటర్.
చెట్లు కట్టెల ధరకి పోయాయి,
కొన్నవాడు తూకంలో పచ్చితనం తీసేశాడు.

కూలిన గుమ్మం దగ్గర ఒక ఆవిడ,
తల మీద పసుప్పచ్చ గుర్తు.
"వీరుడా, ఇల్లు పోయింది. పది దుంగలు తెచ్చిపెట్టవా?"
ఆడదాన్నైనా వీరుడా అనే అంటుంది.
నాలుగు నిమిషాలు.
నొక్కగానే దుంగ మెరిసి
సంచిలోకి వచ్చేస్తుంది. రంపం అద్దె లేదు.

మిత్రుల జాబితా అంతా బూడిద రంగు,
వెయ్యిన్ని తొంభై నాలుగు రోజులు, తొమ్మిది వందలు, వెయ్యి...
ఒక్క పేరు పచ్చగా ఉంది.
నరసన్నపేట ఢిల్లేసు.
తొమ్మిదో తరగతి అప్పుడు;
అందరికన్నా ముందు ఉరికి అందరికన్నా ముందు చచ్చేవాడు,
మేం తిట్టేవాళ్లం.
హెడ్‌ఫోన్‌లో గొంతు వినబడింది. మీసాలొచ్చిన గొంతు.

"ఏటప్పా, కరెంటొచ్చిందేటి?"

నాకు అర్థం కాలేదు.
పైకి జరిపి చూస్తే దళం గోడ మీద
నా ఆఖరి మాట అలాగే ఉంది:
కరెంటు పోయేలా ఉంది, ఐదు నిమిషాల్లో వస్తా.

"వచ్చింది" అన్నాను.

ఇంకేమీ అడగలేదు.
రెక్కల జంతువుని దింపి, "ఎక్కప్పా,
కొత్త ఊర్లు సూపిస్తాను.
ఆ సంత కత్తేటి, సిగ్గునేదేటి నీకు?"

పైనుంచి చూస్తే చెట్లు ఇంకా వరసగానే.
"దుంగలు ఇచ్చీనావా ఆవిడికి?"
"ఇస్తే ఇల్లు కడుతుందా?"
"నేదు. ఎనకొచ్చినోడిని మళ్లీ పది అడుగుతాది."

ఏడున్నరకి కార్ఖానా బూర.
సంచిలో పది దుంగలు, పక్కన పాత కత్తి.
టైపు చేశాను:
పనికెళ్తున్నా. రాత్రి తొమ్మిదికి వస్తా.
ఒక క్షణం ఆగి,
కరెంటుంటే.