పదకొండు నిమిషాల మంచు

నా పేరు సిర్కు.
మంచు విరిగే చప్పుళ్లు పోగేయడం నా ఉద్యోగం.
టాంపెరేలో, మూతబడ్డ నూలుమిల్లు మూడో అంతస్తులో
పద్నాలుగు మందిమి,
ఒక కాఫీ యంత్రం. పొద్దున్నే సణుగుతుంది గనక
దానికి మేనత్త అని పేరు.

అక్కడ ఒక ఆట చేశాం.
ఆటలో ఒక పడవవాడు, ఒక సరస్సు.
ఏప్రిల్ నెల. సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంటుంది.
ఆడేవాళ్లు చేయాల్సిందల్లా ఆగడం.
పదకొండు నిమిషాలు.
మంచు దానంతటది కరగాలి.

అందుకోసం రెండు చలికాలాలు
నసియార్వి సరస్సు మీద బోర్లా పడుకున్నాను,
మైకు మంచులో పాతి.
ముందు పళ్లు నూరుతుంది మంచు.
తరవాత ఎక్కడో లోతున
ఎవరో గొళ్లెం తీసినట్టు
ఒక్క చప్పుడు.

మమ్మల్ని కొన్నారు.
ముందు స్టాక్‌హోమ్ వాళ్లు, వాళ్లని టొరంటో వాళ్లు.
టొరంటో వాళ్లని కొన్నదెవరో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలీదు.
మొదటేడు ఏమీ మారలేదు.
మేనత్త పోయి మెరిసే యంత్రం వచ్చింది. కొత్త కుర్చీలొచ్చాయి.
అబద్ధమెందుకు, కుర్చీలు బావున్నాయి,
నా నడుంనొప్పి తగ్గింది.

రెండో ఏడు హార్‌గ్రేవ్ వచ్చాడు.
మంచివాడే.
తడి బూట్లు గుమ్మంలో విప్పి
మాలాగే మేజోళ్లతో తిరిగాడు.
చిన్నప్పుడు తనూ ఒక ఆట రాశాడట,
పేరు చెప్పాడు, మాకెవరికీ తెలీదని చూసి
నవ్వేశాడు.

తరవాత గోడ మీద ఒక గీత చూపించాడు.
మూడో నిమిషం దాకా చదునుగా నడిచి
అక్కడ కాలుజారి పడిపోయింది గీత.
"ఇక్కడ వెళ్లిపోతున్నారు," అన్నాడు. "నూటికి అరవై రెండు మంది."

మిగతా ముప్ఫై ఎనిమిది మంది ఏం చేస్తున్నారని తౌనో అడిగాడు.
హార్‌గ్రేవ్ కాగితాలన్నీ వెతికాడు.
వాళ్ల లెక్క లేదు.
వాళ్లేమీ చేయడం లేదు కదా,
ఊరికే ఉన్నారు.

నెల తిరక్కుండా కబురొచ్చింది.
మంచు పక్కన ఒక బొత్తాం పెట్టాలి.
నొక్కితే చటుక్కున కరుగుతుంది, రెండు యూరోలకి ఒక సెంటు తక్కువ.
ఆగేవాళ్లు ఆగొచ్చు, బలవంతమేం లేదు.

బొత్తాం చప్పుడూ నేనే చేయాలి.
చేశాను,
మా వంటింట్లో, గాజుగ్లాసులో
ఐసుముక్క మీద వేడి టీ పోసి.
టిక్కుమని చీలింది.
నన్నిప్పటికీ తినేసేది అదే:
బాగా చేశాను.

బొత్తాం అనుకున్నంత అమ్ముడుపోలేదు.
అందుకని మంచుని పెంచారు.
నలభై నిమిషాలు.
నా రికార్డింగు చాలక
దాని తోక తీసుకెళ్లి తలకి కలిపారు.
గొళ్లెం తీస్తారు, మళ్లీ వేస్తారు, తీస్తారు, వేస్తారు,
తలుపు మాత్రం తెరుచుకోదు.

తౌనో రాజీనామా ఇచ్చాడు.
ఐనికీకి ఏడో నెల, ఉండిపోయింది.
నాకే నెలా లేదు, నేనూ ఉండిపోయాను.

నవంబర్లో అందర్నీ కాల్‌లోకి పిలిచారు.
మా మైకులు వాళ్లే ఆపేశారు.
హార్‌గ్రేవ్ చదివాడు.
చెవితో బతికేదాన్ని, నాకు తెలుస్తుంది:
ఎవరో రాసిచ్చింది.
ఊపిరి తీసుకోవాల్సిన చోట ఒకసారి
తీసుకోలేదు.
తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది.
మా మంచు కంటే రెండు నిమిషాలు ముందే.

ఆట వాళ్లదే. చప్పుళ్లూ వాళ్లవే,
ఒప్పందంలో ఉంది, ఇరవై మూడో పేజీ.

ఏప్రిల్లో సరస్సు దగ్గరికి వెళ్లాను.
మైకు తీసుకెళ్లలేదు.
ఒడ్డున ఎవరో కుర్రాడు, జేబుల్లో చేతులు పెట్టుకుని
ఫోనైనా తీయకుండా
మంచుకేసి చూస్తున్నాడు.
ఆ ముప్ఫై ఎనిమిది మందిలో ఒకడేమో.
అడగలేదు.
కాస్త ఎడంగా నిలబడ్డాను.
ఎక్కడో మంచు
పళ్లు నూరడం మొదలుపెట్టింది.