ఇద్దరం ఎత్తగలిగినంత

ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళుగా
లారీలకు తొట్లు కడుతున్నాను.
పది టన్నులని కాగితం మీద రాస్తే
పదహారు ఎక్కిస్తారని తెలిసి
మద్ది చెక్కకు మద్ది చెక్క ఆనించి
బోల్టు మీద బోల్టు బిగించే చేతులివి.
తేలిక అనే మాట
ఎప్పుడూ వీటికి పని చెప్పలేదు.

ఇప్పుడొక పడవ కావాలి.
ఆదివారం పూట, బ్యారేజీ పైన నిలిచిన నీళ్ళలో
సీతానగరం రేవు నుంచి
ఎదురుగా కనిపించే ఇసుక తిన్నె దాకా.
నలుగురం, ఒక క్యారేజీ, ఒక గొడుగు.
అంతే.

మొదట మామిడి అనుకున్నా, చవకని.
అడితిలో మస్తాన్ నవ్వాడు:
"నీళ్ళు తాగుద్దన్నా, మూడో వానకి మెత్తబడుద్ది."
టేకు చూపించాడు.
ధర విని, టీ చెప్పమన్నాను.

కొండపల్లి పోయి
తెల్లపొనికి ముక్కొకటి చేతిలోకి తీసుకున్నా.
పిచ్చుకను పట్టుకున్నట్టుంది.
ఉలి పక్కన పెట్టకుండానే ముసలాయన అన్నాడు:
"అంబారీ ఏనుగుకైతే సరిపోద్ది నాయనా,
బొమ్మ రాజుని మోస్తది.
బతికున్న మనిషిని కూచోబెట్టకు."

పున్నమి ఘాట్‌లో వల బాగుచేసుకుంటున్న పోలయ్య
తలెత్తలేదు:
"పడవ బరువు నీళ్ళల్లో తెలవదు,
ఒడ్డున తెలుసుద్ది.
నువ్వో కొస, నీ ఆడమనిషో కొస పట్టుకుని
మధ్యలో దించకుండా ఎంత దూరం నడుస్తారో
అంత పడవే మీది."

సరే, మనుషుల బరువు చూద్దామని
పాత సామాన్ల కొట్టు కాటా దగ్గరికి తీసుకెళ్ళా.
నేను డెబ్భై ఆరు.
తన్మయి ముప్పై ఒకటి, బడి సంచితో ముప్పై ఎనిమిది.
వజ్రం యాభై ఎనిమిదంది, కాటా అరవై నాలుగంది,
నేను కాటాదే తప్పన్నాను.
అత్తగారు అసలు ఎక్కలేదు:
"నా పింఛనెంతో తెలుసుగా,
బరువు కూడా నీకే చెప్పాలా?"

చివరికి మిగిలింది ఒక నమూనా కాగితం.
ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్,
అంచుల వెంట చిల్లులు,
రాగితీగ కుట్లు, పైన జిగురు, గుడ్డ.
మేకు లేదు.
మేకు లేని పడవను నేను నమ్మలేదు.

వజ్రం మిషన్ మీది జాకెట్టు పక్కకు తోసి
పాత క్యాలెండరులో సెప్టెంబరు చింపింది.
కత్తిరించి, పెద్ద పెద్ద కుట్లు వేసి
దారం లాగింది.
చదునుగా పడుకున్న నెల
పొట్ట తెచ్చుకుని లేచి కూచుంది,
ఎర్ర ఆదివారాలు లోపలి వైపు.
"ఇందులో ఏముంది,
డార్టు వేస్తే గుడ్డ వంపు తిరగదా?"

తరువాత అడిగింది:
"పన్నెండడుగులంటే మన మెట్ల దగ్గర తిరుగుద్దా?"
మెట్లెందుకు, కింద షెడ్డుందిగా అన్నాను.
"డాబా మీద పెడదాం."

మా సింగ్‌నగర్ ఇంటి గోడకు
స్విచ్‌బోర్డుకు జానెడు పైన ఒక గీత ఉంది.
రెండుసార్లు రంగేయించాం,
రెండుసార్లూ బయటికొచ్చింది.
బుడమేరు వచ్చినప్పుడు మూడోరోజుకి
డాబా దగ్గరికి ఒక పడవ చేరింది.
ఇద్దరికే చోటన్నారు.
పిల్లనీ ముసలామెనీ దించి ఇచ్చాం.
నడిపేవాడి పేరు అడగలేదు.
వాళ్ళు మలుపు తిరిగాక
మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

"ఎంతమందికి?" అని అడిగాను, పెన్సిలు పట్టుకుని.
"ఐదుగురికి."
"మనం నలుగురమేగా, ఐదో మనిషెవరు?"
దారం కొరికి తెంపింది.
"ఎవరో ఒకరు ఉంటారు."

పొడవులో అడుగు కొట్టేశాను.
వెడల్పు జానెడు పెంచాను.
లెక్కకు నలభై రెండు కిలోలు వస్తోంది,
చెరో ఇరవై ఒకటి.
నిన్న రాత్రి తవుడు బస్తా చెరో వైపు పట్టుకుని
మెట్లెక్కి చూశాం.
మలుపు దగ్గర నా మోచెయ్యి గీసుకుంది,
ఆమెకు నవ్వొచ్చింది,
బస్తా దించలేదు.

రాగితీగ బాగా పెరిగిందట.
రేపు మస్తాన్‌ని అడగాలి,
పాత మోటారు చుట్టలు ఏమన్నా ఉన్నాయేమో.