వోల్టులో వీసం

నా పేరు ఎడెల్మీరా. పని, కోత.
వాల్పరైసోకి ఉత్తరాన, రాళ్ల మీది ప్రయోగశాలలో
తెల్లవారకముందే దిగుతాయి స్క్విడ్‌లు.
మా వాళ్లు హీబియా అంటారు, పట్టి ఎత్తాలంటే ఇద్దరు కావాలి.
ఒనోఫ్రే తాత చేతి సిరా ప్యాంటుకి తుడుచుకుంటూ
"దారం నీకు, కూర మాకు" అంటాడు.

అవును, దారమే.
మాంసం లోపల, పెన్సిల్ ముల్లంత లావున
ఒకే ఒక్క నరపు పోగు.
కత్తి తడబడిందా,
ఆ రోజుకి సైన్సు లేదు, పులుసే.

ఆరో తరగతితో బడి మానేసిన నాకు
డాక్టర్ ఇస్మేనియా చెప్పింది:
"ఇది కరెంటు తీగ కాదు.
తలుపుల వరస."

బయట సోడియం, సముద్రమంత.
లోపల పొటాషియం, ఇంటి మనిషి.
నడుమ పల్చటి పొర.
లోపలి పక్క ఎప్పుడూ కాస్త తక్కువే,
వోల్టులో వీసం.
ఆ కాస్త తేడా చెడకుండా
ముగ్గురిని బయటికి గెంటి ఇద్దరిని లోపలికి లాగుతూ
రాత్రింబవళ్లు చాకిరీ చేసే పంపులు.

చిన్న గిల్లుడికి ఉలకదు.
గడప ఉంది దానికి.
గడప దాటితే మాత్రం ఒక తలుపు తెరుచుకుంటుంది,
ఆ కుదుపుకి పక్క తలుపు,
దాని కుదుపుకి ఆ పక్కది,
ఉప్పు లోపలికి తోసుకొస్తుంది.
తాడో పేడో.
సగం మాట చెప్పడం దానికి చేతకాదు.

అంతలోనే తలుపులు మూతపడతాయి.
పొటాషియం బయటికి నడిచి ఇల్లు సర్దుతుంది.
ఇప్పుడే మూసిన తలుపు వెంటనే తెరుచుకోదు,
అందుకే వార్త వెనక్కి తిరగదు.

తెర మీద పచ్చగీత లేచి పడడం
మొదటిసారి చూసి అడిగాను, "నొప్పా?"
"నొప్పికీ ఈతకీ ఇదే గీత.
ఎక్కడికి చేరుతుందన్నదే తేడా."

ఒకసారి పోగుని రోలరుతో ఒత్తి గుజ్జంతా పిండేసి
పొటాషియం ఉప్పునీళ్లు నింపారు.
గిల్లారు.
ఖాళీ తొడుగు, మాట్లాడింది!
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత దక్షిణం నుంచి చిన్న సీసా వచ్చింది.
ఎర్రపోటు నాటి ఆల్చిప్పల్లోంచి తీసిన విషం.

బాల్దోమేరో, నా తమ్ముడు,
ఆ చలి నీళ్లలోనే పడవ పనికి పోయి
ఆల్చిప్పలు ఉడకబెట్టుకు తిన్నాడు.
ముందు పెదాలకి తిమ్మిరి, ఆపైన వేళ్లకి.
"ఎవడి మూతో తగిలించుకున్నట్టుంది" అని నవ్వాడట.
తర్వాత రొమ్ము ఎగరడం మర్చిపోయింది.
కళ్లు మాత్రం అందర్నీ చూస్తూనే ఉన్నాయట.
అమ్మ ఏ శాపమో తెలీక
అన్ని శాపాలకీ కొవ్వొత్తులు వెలిగించింది.

ఒక్క చుక్క.
తెర మీద అల పొట్టిదైంది.
ఇంకా పొట్టిదైంది.
గీత.

వీసం వీసంలాగే ఉంది.
ఇల్లుంది, ఇంటివాళ్లున్నారు, ఉప్పుంది.
తలుపులకే బయటినుంచి బిరడా.

ఇదా, తమ్ముడూ.

డాక్టర్ ఏమీ అనకుండా
సముద్రపు నీళ్లు పోసి కడిగింది, మళ్లీ కడిగింది.
గీత మీద చిన్న గుట్ట.
కాసేపటికి, కొండ.

"మనిషినీ ఇలా కడగొచ్చా?"
గడియారం వైపు చూస్తూ చెప్పింది:
"ఒళ్లే మెల్లగా కడుక్కుంటుంది, ఒకటి రెండు రోజుల్లో.
అందాకా అతని బదులు ఎవరైనా ఊపిరి తియ్యాలి."

ఆ పడవలో నలుగురున్నారు.
నలుగురికీ నోళ్లున్నాయి.

ఇప్పుడు కోత అయ్యాక ఇసకలోకి దిగుతాను.
ఒనోఫ్రే తాతని వెల్లకిలా పడుకోబెట్టి
ముక్కు మూసి, గడ్డం ఎత్తి,
నోట్లో నోరు పెట్టి ఊదడం
కుర్రాళ్లకి నేర్పుతున్నాను.
మీసం గుచ్చుకుంటోందని ఒకడు,
చేపల కంపని ఇంకొకడు, పడీ పడీ నవ్వుతారు.
నవ్వనీ.
లెక్క తప్పొద్దంటాను.
నిమిషానికి పన్నెండు.
ఆపకుండా.
రేవు చేరేదాకా.