పదకొండు

వాల్పరైసో మునిసిపాలిటీ, మూడో అంతస్తు.
ఇంజనీరు మైతే ఒయార్సూన్ కాగితాల్లో
నిన్న రాత్రి పదకొండు ‘బహుశా’లు పోయాయి.
ఒక్కోదాని మీద ఒక ఎర్రగీత.
‘నాకనిపిస్తోంది’కి రెండు.

కొండెక్కే లిఫ్టు బొమ్మ తెరమీద పడింది.
గొంతు సవరించుకోలేదు, క్షమించమనలేదు.
“ఈ ఇనుపతాడు తెగుతుంది.”
వాక్యం చివర చుక్క పెట్టి
అక్కడే నిలబడింది,
నీళ్ళగ్లాసు వైపైనా చూడకుండా.

మేయరు కుర్చీ కిర్రుమంది.
“ఎప్పుడు?”

కొట్టేసిన పదకొండూ
నాలుక కిందికి పాక్కుంటూ వచ్చాయి.
మింగేసింది.

“తెలీదు,” అంది.
అదే గొంతు. అదే చుక్క.

కిటికీలో
లిఫ్టుపెట్టె ఒకటి పైకి పోతోంది,
లోపల ఎవరో కమలాపండు ఒలుస్తూ.
అది కొండమీదికి చేరేదాకా
గదిలో ఒక్కరూ కాగితం తిప్పలేదు.