మాచికాయ పహాణీ

ప్రకాశం బజార్‌ల గౌస్ మియా మూలికల దుకాణం.
"బొక్క లేనియి ఏరుకో మేడమ్,
బొక్క పడ్డదాంట్ల మందు ఉండదు."
తూకంరాళ్ల పక్కన జల్లెడ,
జల్లెడ నిండా గోలీలంత గరుకు కాయలు.
ఆయన సంచి మీద మాజూఫల్,
ఎదురు వైద్యుడి చీటీల మాయాఫలం,
మా ఇంట్ల మాచికాయ.

ఇరవై రెండేండ్లు జువాలజీ చెప్పిన నోరు,
ఊకుంటదా?
ఇది కాయ కాదు గౌస్ భాయ్, అన్న.
ఎక్కడో చల్లని కొండల మీద,
మన నల్లగొండ రాళ్లు ఎన్నడూ చూడని చెట్టు కొమ్మల
వడ్లగింజ కన్నా చిన్న కందిరీగ గుడ్డు పెడితే
చెట్టు తన ఒంటితోనే
దాని పిల్లకు కట్టిచ్చిన ఇల్లు.
బొక్క పడిందంటే బిడ్డ ఎగిరిపోయినట్టు.
లేదంటే
ఇంకా లోపలే ఉన్నట్టు.

ఆయన తూకం ఆపలేదు.
"ఉంటే ఉండనీ. యాభై గ్రాములా, వందనా?"

రాత్రి టేబుల్ మీద దాని పేర్లన్నీ పరుచుకున్న.
సెలవులకు నేను నెత్తికెత్తుకున్న పని ఇది,
ఎవరూ చెయ్యమనలేదు.
ఎండల్ల పుట్టినదాన్ని పట్టి ఒకాయన ఒక పేరు పెట్టిండు.
చలిల పుట్టినదాన్ని పట్టి ఇంకొకాయన ఇంకోటి.
రెండోవి అన్నీ ఆడవే, మగ పొడ లేనివి,
ఇది వేరే జాతి అని బల్లగుద్ది రాసిండు.
వాళ్లు పోయినంక ఎప్పుడో తెలిసింది,
ఇది దాని తల్లి, అది దీని బిడ్డ.
బిడ్డ తల్లిని పోలదు.
మనుమరాలు అమ్మమ్మను అచ్చు గుద్దుతది.

మూడో ఆయన తిప్పలు ఇంకో తీరు.
కాయ తెచ్చి సీసాల వేసి కావలి కూసున్నడు.
బయటికొచ్చిన పురుగుకు
ఇల్లు కట్టినోళ్ల పేరు రాసిండు.
వచ్చింది కౌలుకు చేరింది.
ఒక్కోసారి
ఇల్లుగలదాన్ని తిని వచ్చింది.

సర్వేయర్ ఎనక గొలుసు గుంజిన మనిషి మా నాయిన,
ఉంటే ఎంత నవ్వేటోడో.
"పట్టా కాలమ్‌ల ఒగడు, కాస్తు కాలమ్‌ల ఒగడు,
చేను కోసుకపోయేది మూడోటోడు!"

శాస్త్రం తీర్పు మాత్రం సాఫ్ సీదా,
ముందు పెట్టిన పేరే పేరు.
సగమే చూసి పెట్టినా సరే.
మిగతావి దాని కింద
చిన్న అక్షరాలల్ల వరుసగా పండుకుంటయి.

పొద్దున అమ్మకు ఈ రూలు చదివి వినిపించిన.
సాన మీద మాచికాయ అరగదీస్తున్నది,
తమ్ముడి కొడుకు నాలుకకు.
"గట్లయితే నేను బక్కమ్మను" అన్నది.

నాకు తెల్వదు.
యాభై నాలుగేండ్ల కింద
అత్తగారూ బక్కమ్మనే గనుక,
ఒక్క పొయ్యి కాడ ఇద్దరు బక్కమ్మలెందుకని
మామ కడప కాడనే పేరు మార్చి పిలిచిండట.
రేషన్ కార్డుల అనసూయ,
పాస్‌బుక్కుల అనుసూర్య,
ఆధార్‌ల నోరు తిరగని ఇంకేదో.

బక్కమ్మ అని పిలిచేటోళ్లు ఇప్పుడెవరన్న ఉన్నరా?
"మా అన్న ఉండె."
అని, సాన మీద ఇంకో చుక్క నీళ్లు పోసింది.

పిల్లగాడు మూతి ముడిచిండు. వగరు.
చిలుము పట్టిన కత్తిపీట మీద పడ్డ రసం
చూస్తుండంగనే నల్లబడ్డది.
వెనకట సిరా ఇదే గదా, మాచికాయ, ఇనుము.
ఆ పెద్దమనుషులు తప్పు పేర్లూ ఒప్పు పేర్లూ
ఈ ఇంటి గోడలు ఉడకబెట్టిన నీళ్లతోనే రాసి ఉంటరు.
కత్తిపీట కడగబోతే అమ్మ వద్దన్నది,
కూరగాయలకు ఏం కాదంట.

పొట్లంల నాలుగు మిగిలినయి.
బొక్క లేనిదొకటి సీసాల వేసి
మూతికి గుడ్డ కట్టి కిటికీల పెట్టిన.
ఏండ్ల సంది సంచిల ఎండినది,
ఏం రాదు, తెలుసు.
వస్తే మాత్రం
పేరు తర్వాత అడుగుత.
ఇల్లు నీదేనా అని
ముందుగాల అడుగుత.