పిక్కల లెక్క

తొమ్మిదో తరగతి సాంఘికంలో అది రెండు మార్కుల ప్రశ్న:
ప్రత్యక్ష ప్రజాస్వామ్యం అనగానేమి?
పదిహేడేళ్ళుగా ఒకటే జవాబు రాయిస్తున్నాను.
మంచుకొండల దేశం ఒకటుంది,
అక్కడ చట్టాల మీద జనమే నేరుగా తీర్పు చెబుతారు,
ఇంటికొచ్చిన కవరు విప్పి
అవుననో కాదనో రాస్తారు.

పిల్లలు రాసుకున్నారు. గంట కొట్టారు.
వెనక బెంచీలోంచి తామాడ జోగారావు కూతురు లేచింది.
"మేస్టారూ, మన తోటల సంగతి కూడా
అలా అడగొచ్చు కదా?"

గాలివాన కూల్చిన జీడితోటలకి
కంపెనీ ధర కట్టిన ఏడాది అది.
ఎకరాకి ఇంత. ఇంటికో ఉద్యోగం.
కొత్త మొక్క కన్నా ముందు
వడ్డీయే కాపుకొస్తుందని
నీలంపుట్టుగలో అందరికీ తెలుసు.

ప్రెసిడెంటుగారు ప్రశ్న రాసి తెచ్చారు:
"మన ఊరు బాగుపడటం మీకిష్టమేనా?"

మడ్డు ఢిల్లమ్మ రెండుసార్లు చదివించుకుంది.
"ఇదేటి బావూ, పెల్లికి పిలిసి
బోజనం ఇస్టమేనా అన్నట్టుంది.
తోట పోద్దన్న మాట ఏదీ?
అదీ రాయి."

పేరులో ఢిల్లీ ఉంది గానీ
ఆవిడ పలాస దాటింది రెండుసార్లే,
రెండూ ఆస్పత్రికే.

ప్రశ్న దిద్దడానికి మూడు రాత్రులు పట్టింది.
ఓటు ఒక్క పూటలో అయిపోయింది.

మనిషికి రెండు పిక్కలు.
జీడిపిక్క వేస్తే తోట ఉంచుదాం,
చింతపిక్క వేస్తే ఇచ్చేద్దాం.
బడి వరండా, తడిక చాటు,
మూతికి గుడ్డ కట్టిన కుండ.

అలవాటు కొద్దీ సిరాబుడ్డి తెచ్చాను.
చుక్క ఎక్కడ పెట్టను?
జీడి వలిచే చేతులు, ప్రతి వేలూ ముందే నలుపు.
సొన తినేసి గీతలు పోయిన వేళ్ళు,
రేషను మిషను పోల్చుకోలేక
వెనక్కి పంపేసే వేళ్ళు.
కుండ మాత్రం
నువ్వెవరని ఎవర్నీ అడగలేదు.

పోర్టుబ్లెయిర్లో రాడ్డు కట్టే మొగుడు
స్పీకరు ఫోన్లో అందరికీ వినబడేలా
చింతపిక్క, చింతపిక్క అంటున్నాడు.
"అలాగే, అలాగే" అంది కొర్ల నీలవేణి.
తడిక వెనక చాలాసేపు ఉంది.
గుప్పిట్లో మిగిలినదాన్ని
కొంగున ముడేసుకుని వచ్చింది.
నేను అటు చూడలేదు.

బల్బు కింద లెక్కపెట్టాం.
జీడి రెండువందల పదకొండు.
చింత రెండువందల నాలుగు.
ఒక గోలీ.
ఇంకా, ఒక జీడీ ఒక చింతా
దారంతో కలిపి కట్టిన జంట.
దాన్ని చేత్తో పట్టుకుని
కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఏడు పిక్కల మీద ఊరు ఆగింది.
ఇలాంటప్పుడు ఆ దేశంలో ఏం చేస్తారో
పుస్తకంలో లేదు.
ఆ రెండువందల నాలుగూ మావాళ్ళే.
ఒకటో తారీకున నాకొచ్చే జీతం లాంటిది
ఒక్కసారైనా చూడాలనుకున్నవాళ్ళు.

మర్నాడు ఓడినవాళ్ళు
మళ్ళీ లెక్కపెట్టమన్నారు. న్యాయమే.
కుండ తెరిస్తే
అడుగున చింతపిక్కలే.
రాత్రి కాపలా కాసిన కుర్రాళ్ళు
చలిమంట వేసుకుని
గెలిచిన పక్షాన్ని కాల్చుకు తినేశారు!
వరండా నిండా కళ్ళు మండే పొగ,
పొగ కింద ఒక కమ్మటి వాసన.
ముందు తిట్టిందీ, తర్వాత నవ్విందీ
ఢిల్లమ్మే.

అంకెలు కాగితం మీద రాసి కలెక్టరాఫీసుకి పంపాం.
ముట్టినట్టు ముద్ర పడింది.
తర్వాత సంగతి
నాకూ తెలీదు, ముద్రకీ తెలీదు.

ఈ ఏడు పాఠం మళ్ళీ వచ్చింది,
అవే రెండు మార్కులు.
బోర్డు మీద ప్రశ్న రాసి
సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను.
జవాబు ఆగండర్రా, అన్నాను.
ముందు, ప్రశ్న సరిగ్గా అడిగారో లేదో
చూడండి.